కుంటి నాలుగు

విదేశాంగ శాఖ భవనం మూడో అంతస్తులో లిఫ్టు దిగి ఎడమకు తిరిగితే, మంచినీళ్ల యంత్రం పక్కనున్న గదిలో ఆమె ఇరవై ఆరేళ్లు పనిచేసింది. ఆ గదిని జవాబుల విభాగం అంటారు. పరదేశంలో జరిగిన ఏ ఘోరాన్నో పేపర్లో చదివి, కడుపు మండి, విదేశాంగ మంత్రిగారికి ఎవరైనా ఉత్తరం రాస్తే అది మంత్రిగారి బల్ల మీదికి వెళ్లదు, ఈ గదికి వస్తుంది. మంత్రిగారి తరఫున జవాబూ ఇక్కడినుంచే పోతుంది.

ఆఫీసులో అందరూ ఆమెను ఆందోళనమ్మ అనేవాళ్లు. చాటుగా కాదు, ముఖానే. ఆమె కూడా పలికేది. రోజుకు నలభై జవాబులు తయారుచేస్తే ముప్పైయింట్లో "ప్రభుత్వం ఆందోళన వ్యక్తం చేస్తున్నది" అన్న వాక్యం ఉండేది మరి. ఆ మాటలకు మెట్లున్నాయి. అన్నిటికన్నా కిందిది "గమనిస్తున్నాము". దాని పైన "నిశితంగా గమనిస్తున్నాము". ఆ తర్వాత ఆందోళన, తీవ్ర ఆందోళన. "ఖండిస్తున్నాము" అనాలంటే మాత్రం పైనుంచి సంతకం కావాలి. ఏ దేశం విషయంలో ఏ మెట్టు మీద నిలబడాలో చెప్పే కాగితం ప్రతి సోమవారం వచ్చేది. పాము చావకుండా, కర్ర విరగకుండా రాయడం ఎలాగో ఆమెకు తెలిసినంతగా ఆ భవనంలో ఇంకెవరికీ తెలియదు.

ఇంట్లో కూడా ఇదే వేళాకోళం. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. కూరలో ఉప్పు ఎక్కువైన రోజు కంచం ముందు కూర్చుని, "ఉప్పు విషయమై తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నాను" అనేవాడు. "మీ ఆందోళనను సముచిత స్థాయిలో తెలియజేశాం" అని ఆమె గరిటె కడుక్కునేది. పిల్లలు లేరు. ఇద్దరూ ఒకరినొకరు నవ్వించుకోవడం మరిచిపోని మనుషులు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక సంగతి జరిగింది. పరదేశం జైల్లో ఉన్న తన అన్న గురించి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాసింది. మొదటి పేజీ చూసి ఆమె మామూలు జవాబు పంపేసింది, "మీ సోదరుని త్వరిత విడుదలకు కృషి చేస్తున్నాము" అని. పదిరోజులకు ఆ ఉత్తరం రాసినావిడ విభాగం కౌంటరు కిటికీ దగ్గరికి వచ్చింది. కేకలు వెయ్యలేదు. జవాబు మడతవిప్పి బల్ల మీద పెట్టి, "మూడో పేజీలో రాశానమ్మా. మా అన్నయ్య పోయి నెలయింది. శవాన్ని ఇప్పించమని అడిగాను. మీరు చదవలేదు కదూ" అని వెళ్లిపోయింది. ఆ రోజునుంచి ఇరవై నాలుగేళ్లుగా ఆమె తన చేతికొచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చివరి సంతకం దాకా చదివింది. అందుకని ఆమె బల్ల మీద ఎప్పుడూ కాగితాలు పేరుకునే ఉండేవి. పని నెమ్మది అని రెండుసార్లు మందలింపు కూడా వచ్చింది.

ఆమె ఉద్యోగంలో ఇరవై ఆరో ఏడు, చలి మొదలవుతుండగా దూరదేశం ఒకదాంట్లో ఘోరం జరిగింది. ధరలు దించమని ఒక సభామందిరంలో జనం సమావేశమైతే, పోలీసులు బయటినుంచి తలుపులు మూసి, కిటికీల్లోంచి టియర్ గ్యాస్ షెల్స్ పేల్చారు. ఊపిరాడక పద్నాలుగు మంది పోయారు. మర్నాడు ప్రపంచంలోని పేపర్లన్నిట్లో ఒకే ఫొటో. ఒక నడివయసు ఆడమనిషి, కళ్లు వాచిపోయి, పేలిపోయిన షెల్ ఒకటి చేత్తో పైకెత్తి, దాని అడుగుభాగం కెమెరాకు చూపిస్తోంది. అడుగున అక్షరాలూ అంకెలూ కొట్టి ఉన్నాయి. మొదటి మూడు అక్షరాలు ఈ దేశపు ఫ్యాక్టరీవి.

ఇంక ఉత్తరాలు వెల్లువెత్తాయి. పైనుంచి జవాబు నమూనా కూడా గంటల్లోనే దిగింది. అందులో మూడు వాక్యాలు ముఖ్యం. ఈ మరణాల పట్ల ప్రభుత్వం తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నది. మానవ హక్కుల పరిస్థితి బాగోలేనందున ఆ దేశానికి ఇటువంటి సరుకు అమ్మకం మూడేళ్ల క్రితమే నిలిపివేశాము. ఇప్పుడు వాడినది అంతకుముందు కొన్న పాత సరుకై ఉంటుంది. నమూనా బాగానే ఉందని ఆమెకూ అనిపించింది. ఆపేశామన్నది నిజమే. ఆ ఉత్తర్వు ఫైలు ఆమె కళ్లారా చూసింది.

ఆ వారమే భర్తకు కంటి ఆపరేషను. ఆమె అయిదు రోజులు సెలవు పెట్టింది. ఆ అయిదు రోజుల్లో ఒక ఉత్తరానికి ఆమె సీట్లో కూర్చున్న వేరే గుమాస్తా నమూనా జవాబు పంపేశాడు. ఆమె తిరిగొచ్చేసరికి ఆ ఉత్తరం రాసిన మనిషి దగ్గరినుంచే రెండో ఉత్తరం వచ్చి ఉంది. గీతల కాగితం మీద పెన్సిలుతో, ఒక్కో అక్షరం చెక్కినట్టు రాసి ఉంది.

"అయ్యా, మీరు పంపిన జవాబు అందింది. అచ్చు చక్కగా ఉంది. కానీ నేనడిగినదానికి అది జవాబు కాదు. నేను ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు షెల్స్ మీద నంబర్లు కొట్టాను. ఎనిమిది నెలల కిందట రిటైరయ్యాను. పేపర్లో ఆ తల్లి చేతిలో ఉన్న షెల్ అడుగున నంబరు చూడండి. అందులో రెండు నాలుగులున్నాయి. రెంటికీ కాలు లేదు. ఆ నాలుగు అంకెను కొట్టే ఉక్కు అచ్చు కాలు విరిగింది నా చేతిలో. విరిగి రెండేళ్లు కూడా కాలేదు. మీరేమో మూడేళ్ల కిందటే ఆపేశామంటున్నారు. విరగని కాలు ముందే విరిగినట్టు ఎలా పడుతుంది? నా ప్రశ్న ఇదొక్కటే." సంతకం కింద, తనను ఫ్యాక్టరీలో పిలిచే పేరు కూడా రాశాడు, నంబర్ల మేస్త్రి అని.

పేపరు కత్తిరింపు ఉత్తరానికి గుండుసూదితో గుచ్చి ఉంది. ఆమె తపాలా ముద్రలు చదవడానికి సొరుగులో పెట్టుకున్న భూతద్దం తీసింది. మొదటి నాలుగుకి కింది గీత ఉండాల్సిన చోట ఖాళీ. రెండోదానికీ అంతే. కుంటివాడు గోడనానుకుని నిలబడినట్టున్నాయి రెండూ.

సెక్షన్ ఆఫీసరు ఆమెకన్నా పదేళ్లు చిన్న. చెడ్డవాడు కాదు. ఎవరికీ చెడు తలపెట్టడు, ఎవరికోసమూ గొడవ పెట్టుకోడు. ప్రమోషను గుమ్మంలో ఉంది. ఉత్తరం చదివి భూతద్దంలోంచి చూశాడు.

"నాలుగు అంకె అచ్చులు ఒక్క ఈయన దగ్గరే విరుగుతాయా మేడం?"

"విరుగుతాయి సార్ ఎక్కడైనా. కానీ ముందున్న అక్షరాలు మన ఫ్యాక్టరీవి."

"అవి పాత సరుకు మీద కూడా ఉంటాయి కదా."

"పాత సరుకు మీద నాలుగుకి కాలుంటుంది సార్."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. లేచి తలుపు దగ్గరగా వేసొచ్చాడు. "వచ్చే నెల ఆ దేశం మంత్రి ఇక్కడికి వస్తున్నాడు. గ్యాసు పైపులైను ఒప్పందం ఉంది. ఇలాంటప్పుడు పెన్సిలుతో రాసిన ఉత్తరం పట్టుకుని నేను పైకెళ్తే నన్ను చూసి నవ్వుతారు. మామూలు జవాబు పంపెయ్యండి. ఆయన మళ్లీ రాస్తే మళ్లీ అదే పంపుదాం. ఎవరైనా ఎన్నాళ్లు రాస్తారు?"

ఆమె సరే సార్ అంది. కానీ పంపలేదు. ఉత్తరం నాలుగు రోజులు సొరుగులో ఉంది. ఆ నాలుగు రోజులూ అరికాల్లో ముల్లుతో నడిచినట్టే గడిపింది. ఆదివారం పొద్దున ఉత్తరం సంచిలో పెట్టుకుని, దాని మీదున్న చిరునామా వెతుక్కుంటూ రెండు బస్సులు మారి వెళ్లింది. ఉత్తరాలు రాసినవాళ్ల ఇళ్లకు ఆ విభాగం వాళ్లు వెళ్లకూడదు. ఆ నిబంధన ఆమెకు కంఠతా వచ్చు.

సైకిళ్లు బాగుచేసే దుకాణం మీద రెండు గదుల ఇల్లది. బయటనుంచి ఇనుప మెట్లు. సబ్బు నురగ చేతుల్తో ఒక యువతి బయటికి వచ్చింది. మేస్త్రి కూతురు. ఆఫీసు పేరు వినగానే ముఖం మాడ్చుకుంది.

"మా నాన్న మళ్లీ రాశాడా? వద్దని చెప్పానండీ. పెద్దవాడైపోయాడు, ఏదో తోచక రాస్తుంటాడు. పట్టించుకోకండి."

లోపలినుంచి, "ఎవరమ్మా?" అని పెద్ద గొంతు వినిపించింది. ముప్పై ఏళ్ల సుత్తి దెబ్బలకు మేస్త్రి చెవులు రెండూ దాదాపు పోయాయి. ఆయనతో గట్టిగా మాట్లాడాలి, ఆయనా గట్టిగానే మాట్లాడతాడు. దాంతో గుట్టుగా చెప్పుకోవలసిన మాటలన్నీ కింద సైకిలు దుకాణందాకా వినపడేట్టు చెప్పుకున్నారు.

పొట్టి మనిషి. మణికట్లు మాత్రం కొడవలి పిడుల్లా ఉన్నాయి. ఒక్కో అంకెకు ఒక్కో ఉక్కు అచ్చు ఉంటుందనీ, దాన్ని షెల్ అడుగున ఆనించి సుత్తితో ఒక్కటే దెబ్బ వెయ్యాలనీ, రెండో దెబ్బ పడితే అంకె చెదురుతుందనీ చేతులతో చూపిస్తూ చెప్పాడు. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక చీటీ తీశాడు. "నాలుగు అంకె అచ్చు కాలు విరిగినది. కొత్తది ఇప్పించగలరు" అని ఆయన చేతిరాత. కింద ఎర్ర సిరాతో స్టోరు గుమాస్తా జవాబు: "పని నడుస్తున్నది కదా, సర్దుకోగలరు." సంతకం, ఫ్యాక్టరీ ముద్ర, తేదీ. లెక్క చూస్తే ఇరవై రెండు నెలలైంది.

"ఇది ఇన్నాళ్లూ ఎందుకు దాచారు బాబాయిగారూ?" అని ఆమె అరిచి అడిగింది.

"కోపంతో దాచానమ్మా. అన్నేళ్లలో నేను నోరుతెరిచి అడిగింది ఒక్క అచ్చు. అది కూడా ఇవ్వలేదు. రిటైరైన రోజు దండ వేసినప్పుడు ఆ స్టోరువాడి ముఖాన ఈ చీటీ కొడదామనుకున్నా. తీరా వాడు ఏడుస్తుంటే బాగుండదని ఊరుకున్నా."

ఆమెకు నవ్వొచ్చింది. మేస్త్రి కూడా నవ్వాడు. కూతురు నవ్వలేదు.

"మీరిద్దరూ బాగానే నవ్వుకుంటున్నారు" అంది గుమ్మంలోంచి. "మా ఆయన అదే ఫ్యాక్టరీలో ప్యాకింగులో చేస్తాడు. ఇది బయటికొచ్చి ఆర్డర్లు ఆగితే ముందు ఇంటికి పంపేది ప్యాకింగు వాళ్లనే. ఎక్కడో ఎవరో పోతే మేమేం చెయ్యాలండీ? మేం పేల్చామా?"

మేస్త్రి కూతురివైపు తిరిగి, అంతవరకూ లేనంత నెమ్మదిగా అన్నాడు. "నువ్వు పేల్చలేదు. నేనూ పేల్చలేదు. నంబరు మాత్రం నేనే కొట్టానమ్మా. అది నా చేతిరాతలాంటిది. పేపర్లో ఆ తల్లి నా సంతకం పట్టుకుని నిలబడ్డట్టు ఉంది నాకు."

ఆమె సంచిలోంచి ఉత్తరం తీసి మంచం మీద పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పింది. "ఈ చీటీ నాకిస్తే ఏమవుతుందో నేను చెప్పలేను. ఏమీ కాకపోవచ్చు. మీ అల్లుడిగారి ఉద్యోగం పోవచ్చు. నా ఉద్యోగం కూడా పోవచ్చు. వద్దనుకుంటే ఈ ఉత్తరం ఇక్కడే వదిలేసి వెళ్తాను. ఎవరూ ఏమీ అడగరు."

మేస్త్రి కూతురి ముఖంలోకి చూశాడు. కూతురు నేలవైపు చూసింది. అప్పుడు లోపలి గదిలోంచి అల్లుడు వచ్చాడు, సగం గీసిన గడ్డంతో, భుజాన తువ్వాలుతో. మాటలన్నీ వింటూనే ఉన్నాడన్నమాట. మామగారి చెవి దగ్గర నోరుపెట్టి, "ఇచ్చెయ్యండి మామయ్యా" అన్నాడు. ఆ తర్వాత ఆమెవైపు తిరిగాడు.

"పెట్టెల మీద చిరునామాలు అతికించేది నేనేనండీ. ఆ దేశం పేరు ఎప్పుడూ లేదు. దాని పక్కనున్న చిన్న దేశానికి పోతాయి. అక్కడ ఎవరో డీలరు. ఆ చిన్న దేశం మొత్తం జనం బయటికొచ్చినా అన్ని షెల్స్ అక్కర్లేదు. ఇన్ని ఏం చేసుకుంటారా అనుకునేవాణ్ణి. అనుకుని ఊరుకునేవాణ్ణి." తువ్వాలుతో గడ్డం మీది సబ్బు తుడుచుకుని, "నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వకండి" అన్నాడు.

అతని భార్య అతణ్ణి చూసిన చూపు ఆందోళనమ్మకు చాలాకాలం గుర్తుండిపోయింది. అందులో కోపం ఉంది. ఈ మనిషి ఇన్నాళ్లు ఈ సంగతి ఒక్కడే మోశాడా అన్న ఆశ్చర్యం కూడా ఉంది. మేస్త్రి అసలు చీటీ తన దగ్గరుంచుకుని, దాని నకలు తీయించి ఆమెకిచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. ఆయన ఒక కంటికి కట్టు కట్టుకుని పడక్కుర్చీలో ఉన్నాడు. అంతా విన్నాడు. "రిటైర్మెంటుకి నాలుగేళ్లుంది నీకు" అన్నాడు ముందు. కంటి కట్టు సర్దుకుని మళ్లీ తనే అన్నాడు. "నాకు తెలిసింది బస్సు ఒక్కటే. బ్రేకు సరిగా పట్టట్లేదని తెలిసి, డిపో పుస్తకంలో రాయకుండా బండి తీశాననుకో, తర్వాత ఏం జరిగినా నాదే బాధ్యత. రాసినా వాళ్లు బండి తియ్యమనే అంటారు, అది వేరే సంగతి. కానీ పుస్తకంలో మాట ఉంటుంది. నువ్వు రాసెయ్యి."

ఆ విభాగానికొక నిబంధనల పుస్తకం ఉంది. ఉత్తరానికి ఆధారం ఏదైనా జతపడి వస్తే దానికి విడిగా నంబరు వేసి, మూడు రోజుల్లో పై అధికారి ముందు పెట్టాలని అందులో ఒక నిబంధన. ఎవరూ వాడక దాన్ని అందరూ మరిచిపోయారు. సోమవారం పొద్దున్నే ఆమె రిజిస్టరు తెరిచి, ఉత్తరాన్నీ చీటీ నకలునూ తేదీ, వేళతో సహా నమోదు చేసింది. పక్కదేశం డీలరు సంగతి "విశ్వసనీయంగా తెలిసినది" అని వేరే కాగితం మీద రాసి జతచేసింది. అల్లుడి పేరు రాయలేదు. ఫైలు తీసుకెళ్లి సెక్షన్ ఆఫీసరు బల్ల మీద పెట్టింది.

ఆయన కాగితం మీద పడ్డ రిజిస్టరు నంబరు చూశాడు. "నన్నొక్క మాట అడగాలి కదా మేడం."

"అడిగితే మీరు వద్దంటారు సార్. అప్పుడు తప్పు మీది కూడా అవుతుంది. ఇప్పుడైతే నాదొక్కదానిదే."

ఆయన చాలాసేపు ఫైలు తాడు విప్పడం, కట్టడం చేస్తూ కూర్చున్నాడు. నంబరు పడ్డ కాగితాన్ని ఆపే అధికారం ఆయనకు లేదు. ఏ అభిప్రాయమూ రాయకుండా ఒట్టి సంతకం పెట్టి పైకి పంపాడు. రెండు రోజుల తర్వాత ఫైలు తిరిగొచ్చింది. దాని మీద ఒకే ఒక్క మాట: "చూశాను."

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్లో టీవీ పెట్టారు. చట్టసభలో ఎవరో సభ్యుడు ఈ షెల్స్ గురించి ప్రశ్న వేశాడు. మంత్రి లేచి, ఆమెకు కంఠతా వచ్చిన మూడు వాక్యాలూ చదివాడు. చివర నాలుగోది కలిపాడు: "ఈ మూడేళ్లలో తయారైన సరుకు అక్కడికి చేరిందనడానికి ఈ రోజు వరకు ప్రభుత్వానికి ఎలాంటి ఆధారమూ అందలేదు."

ఆమె చేతిలో టీ చల్లారిపోయింది. ఆయన మీద ఆమెకు కోపం రాలేదు. ఆయనకు ఫైలు చూపించి ఉండరు. ఆమెను కదిలించింది వేరే. ఆ నాలుగో వాక్యం రేపటినుంచి నమూనాలోకి వస్తుంది. దాన్ని ఆమె చేత్తోనే నలభై మందికి పంపాలి, మేస్త్రికి కూడా.

సీట్లోకొచ్చి రెండు వాక్యాల నోటు రాసింది. "మంత్రివర్యులు సభలో చెప్పిన చివరి వాక్యం, మా రిజిస్టరులో సోమవారం నమోదైన ఆధారంతో సరిపోవడం లేదు. సభకు సరిదిద్దవలసి ఉంటుందేమో పరిశీలించగలరు." అంతకన్నా ఒక్క మాట ఎక్కువ రాయలేదు. పేపరు వాళ్లకు చెప్పడం, ప్రతిపక్షం వాళ్ల చెవిన వెయ్యడం ఆమెకు తెలియని విద్యలు. తెలిసిందల్లా నోటు రాయడం.

సెక్షన్ ఆఫీసరు అది చదివాడు. ఈసారి తలుపు వెయ్యలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆమె సంతకం కింద తన చేత్తో రాశాడు: "నేను కూడా ఆ ఆధారాన్ని చూశాను." రాసి, తేదీ వేసి, "ప్రమోషనుకి వచ్చే ఏడు కూడా కాలం ఉంది లెండి" అన్నాడు. ఆమె నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది.

పెన్సిలు ఉత్తరానికి చలించని పైవాళ్లు ఈ నోటుకు చలించారు. సభకు తప్పు చెప్పడం ఒక ఎత్తు. తప్పని తెలిసీ, తెలిసినట్టు కాగితం ఉండీ దిద్దుకోకపోవడం ఇంకో ఎత్తు. న్యాయ సలహాదారు పరుగున వచ్చాడట. మర్నాడు పదిన్నరకు కార్యదర్శిగారు ఆమెను పిలిపించారు. ఇరవై ఆరేళ్లలో ఆ ఆరో అంతస్తు ఆమె చూడటం అదే మొదలు. కార్పెట్ మీద నడిస్తే సొంత అడుగుల చప్పుడే వినపడలేదు.

కార్యదర్శి నెరిసిన జుట్టున్న ఆవిడ, చాలా మర్యాదస్తురాలు. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ తర్వాతే అడిగింది. "ఈ ఉత్తరం రాసినాయన నమ్మదగ్గ మనిషేనా?"

అవుననాలంటే తాను వెళ్లానని ఒప్పుకోవాలి. ఆమె ఒప్పుకుంది. "ఆదివారం వాళ్లింటికి వెళ్లాను మేడం. అసలు చీటీ కళ్లారా చూశాను."

"వెళ్లకూడదని తెలుసు కదా. మరెందుకు వెళ్లారు?"

"ఉత్తరం మొత్తం చదివాను మేడం. చదివాక మామూలు జవాబు రాయడానికి చెయ్యి రాలేదు."

కార్యదర్శి ఫైలు మూసింది. "నిబంధన మీరినందుకు చర్య ఉంటుంది" అంది. లేచి తలుపుదాకా వచ్చి సాగనంపింది.

నాలుగు రోజుల తర్వాత మంత్రి సభలో ఒక సవరణ చదివాడు. రెండే నిమిషాలు. ఆధారమొకటి అందిందనీ, విచారణకు ఆదేశించామనీ, ఈలోగా పక్కదేశం డీలరుకు ఇచ్చిన లైసెన్సు నిలిపివేశామనీ చెప్పాడు. షెల్స్ పేల్చిన దేశపు రాయబారిని పిలిపించారు. వాళ్ల మంత్రి పర్యటన వాయిదా పడింది. మూడు నెలలకు విచారణ తేల్చింది, షెల్స్ ఆ డీలరు ద్వారానే వెళ్లాయని. అమ్మిన సరుకు చివరికి ఎవరి చేతిలోకి పోతుందో తనిఖీ చెయ్యనిదే ఇకమీద లైసెన్సు ఇవ్వకూడదని కొత్త నియమం పెట్టారు. ప్రభుత్వ ప్రకటనలో మొదటిసారిగా "చింతిస్తున్నాము" అన్న మాట పడింది. పరదేశం చేసినదానికి మాత్రమే కాదు, మన సరుకు అక్కడికి చేరినందుకు కూడా.

దీంతో లోకం బాగుపడిపోయిందని కాదు. ఆ దేశం పోలీసులు గ్యాసు వాడటం మానలేదు, ఇంకెవరి దగ్గరో కొనుక్కున్నారు. పైపులైను ఒప్పందం ఏడాది ఆలస్యంగానైనా జరిగింది. ఫ్యాక్టరీలో షెల్స్ షెడ్డు మూసేశారు. మేస్త్రి అల్లుడితోపాటు ముప్పైమందిని ఇంటికి పంపారు. అతనికి రెండు నెలల తర్వాత వేరే ఊళ్లో మందుల గిడ్డంగిలో పని దొరికింది. వారానికొకసారి ఇంటికొస్తాడు. సెక్షన్ ఆఫీసరుకు ఆ ఏడు ప్రమోషను రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. ఆందోళనమ్మకు ఒక ఇంక్రిమెంటు కోసి, నేలమాళిగలోని రికార్డుల గదికి బదిలీ చేశారు.

వెళ్లేముందు ఆమె జవాబుల విభాగంలో చివరి ఉత్తరం రాసింది, మేస్త్రికి. నమూనా చూడకుండా రాసింది. "అయ్యా, మీ ప్రశ్న సరైనది. మూడేళ్ల కిందటే ఆగిందని మేము మీకు రాసినది తప్పు. మీ చీటీవల్ల ఆ తప్పు తెలిసింది. దీనివల్ల మీ ఇంటికి కలిగిన నష్టం కూడా మాకు తెలుసు. దాన్ని పూడ్చే మార్గం ఈ విభాగం దగ్గర లేదు." సెక్షన్ ఆఫీసరు చివరి రెండు వాక్యాల మీద పెన్సిలు పెట్టి, కొట్టెయ్యకుండానే సంతకం చేశాడు.

రికార్డుల గదిలో ఆమె సుఖంగానే ఉంది. పక్క సీటావిడ ఒకసారి, "పైనున్నవాళ్లు నీకు అన్యాయం చేశారు కదూ" అంటే, "ఇక్కడ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, దానిక్కూడా ఆందోళన పడాలా?" అని నవ్వేసింది. కానీ మేస్త్రి ఇల్లు మనసులో మెదిలేది. ఆరు నెలలు ఆగి, ఒక ఆదివారం మళ్లీ ఆ ఇనుప మెట్లెక్కింది.

మేస్త్రి ఆమెను చూసి వీధంతా వినపడేలా సంతోషించాడు. ఆమె రాసిన ఉత్తరాన్ని గోడకు మేకు కొట్టి తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ చదవమని చూపిస్తాడట. కూతురు టీ పెట్టి తెచ్చింది. రెండు నెలలు తండ్రితో మాట్లాడలేదని తర్వాత తెలిసింది. ఆయనకు వినపడదు కనుక ఆ సంగతి ఆయన కనిపెట్టడానికే రెండు వారాలు పట్టిందట. అది చెప్తున్నప్పుడు మాత్రం ఆ పిల్ల పెదవి చివర కొంచెం వంగింది.

వెళ్లేటప్పుడు కూతురు బస్టాపుదాకా వచ్చింది. బస్టాపు దగ్గర నీడలో నిలబడ్డాక ఆ పిల్ల అంది.

"మీ మీద నాకింకా కోపం పోలేదండీ."

"పోవాలని కూడా లేదమ్మా."

"మా ఆయన మాత్రం ఇప్పుడు బాగా నిద్రపోతున్నాడు. వారానికి ఒక్క రోజే ఇంట్లో పడుకుంటాడు, ఆ ఒక్క రోజూ బాగా పడుకుంటాడు. అంతకుముందు అలా పడుకునేవాడు కాదు. ఎందుకో నాకు తెలిసేది కాదు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆ పిల్ల కిటికీ దగ్గరికి వచ్చి, "మళ్లీ రండి అని నేననను" అంది. "వస్తే మాత్రం కూర్చోమంటాను."

ఆ తర్వాత రిటైరయ్యేలోపు ఆమె ఆ ఇంటికి అయిదుసార్లు వెళ్లింది. చివరి రెండుసార్లు భర్తను కూడా తీసుకెళ్లింది.